ఆరో నంబరు: ఇంకొకరు

పాంట్‌గార్న్, వేల్స్
11 సెప్టెంబరు 1949, ఆదివారం

ఒరేయ్ హవెల్,

మూడేళ్ళుగా క్రిస్మస్ కార్డు తప్ప ఉత్తరం ముక్క రాయని అక్క ఉన్నట్టుండి కలం పట్టిందంటే ఏదో పని పడిందని నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. అవును, పని పడింది. నీ దగ్గర దాచడం ఎందుకు?

ముందు మీ బావ సంగతి. మేడ మీదున్న ఆయన మంచాన్ని కింది గదిలోకి దించేశాం. మెట్లెక్కే ఊపిరి లేదు. పాతికేళ్ళు బొగ్గు తవ్విన ఛాతీ, ఇప్పుడు దుమ్ముతో నిండిపోయిందట. డాక్టరు ఆ ముక్క చెప్పి నా మొహం చూడకుండా టోపీ వెతుక్కున్నాడు. మీ బావ మాత్రం "ఏముందే ఒల్వెన్, గనిలో సగం నా లోపలే ఉంది, ఇంటికి బొగ్గు కొననక్కర్లేదు" అని జోకులు వేస్తున్నాడు. జోకు సగంలో ఉండగానే దగ్గు వస్తుంది, మిగతా సగం మేం ఊహించుకోవాలి.

అసలు విషయం ఎమ్రిస్‌ది. నీ మేనల్లుడికి ఇరవై నిండాయి. ఇన్నాళ్ళూ గని పైన లాంతర్ల గదిలో పని. జనవరి నుంచి కిందికి దించుతామన్నారు, సరిగ్గా వాళ్ళ నాన్న ఖాళీ చేసిన చోటికే. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. వాడికి గని కాకుండా చేతనైంది ఒక్కటే, ఆ రగ్బీ. మన ఊరి పదిహేను మంది జట్టుకి వాడే మెదడు. బంతి వాడి చేతికి వెళితే ముసలాళ్ళు పైపులు నోట్లోంచి తీసి చూస్తారు.

మీ యార్క్‌షైర్‌లో ఆడేవాళ్ళకి కూలి ఇస్తారు, పైగా మిల్లులో ఉద్యోగం వేయిస్తారు. అక్కడి క్లబ్బుకి ఆటగాళ్ళని వెతికి తెచ్చేవాడివి నువ్వే. పరాయి పిల్లల కోసం రైళ్ళెక్కి తిరుగుతున్నావు. సొంత మేనల్లుడు నీ కంటికి ఆనలేదా?

వాణ్ణి తీసుకుపో.

మీ అక్క
ఒల్వెన్

థార్న్‌రాయిడ్, యార్క్‌షైర్
19 సెప్టెంబరు 1949

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బావకి ఇంత జరుగుతుంటే ఒక్క ముక్క రాయలేదేం? ఇక్కడి మా ఇంటి ఓనరు మిసెస్ సగ్‌డెన్ దగ్గర దగ్గుకి ఏదో నల్లటి మందు ఉంది, పంపిస్తున్నాను. రుచి మాత్రం బూటు పాలిషే.

ఎమ్రిస్ విషయంలో నా జవాబు వద్దనే. కోప్పడకుండా చదువు.

మన ఊరిది పదిహేను మంది ఆట, డబ్బు ముట్టని ఆట. మాది పదమూడు మంది ఆట, ఆడితే కూలి. ఈ రెంటికీ పడదని నీకూ తెలుసు. కానీ ఎంత పడదో నీకు తెలియదు. ఇక్కడి మైదానంలో ఒక్కసారి కాలు పెట్టినట్టు రుజువైతే చాలు, పైసా తీసుకోకపోయినా సరే, మన ఊరి ఆటలోంచి జన్మంతా వెలి. ఆడటం సంగతి వదిలెయ్, క్లబ్బు గదిలో కూర్చుని ఒక గ్లాసు బీరు తాగనివ్వరు. పంతొమ్మిదేళ్ళయింది నన్ను వెలివేసి. నేను దొంగతనం చేసి జైలుకి పోయుంటే ఈపాటికి రానిచ్చేవాళ్ళు.

ఇక్కడ నిలదొక్కుకుంటే ఆ వెలితో పని లేదు. కానీ పది మందిని తెస్తే నిలిచేది ముగ్గురు. మిగతా ఏడుగురు ఎటూ కాకుండా పోతారు. వాళ్ళని స్టేషన్‌లో రైలెక్కించేది నేనే.

పైగా మా క్లబ్బులో ఇప్పుడు గందరగోళం. ఆరో నంబరు చొక్కా వేసుకుని ఆట నడిపే వాల్ట్ పికర్స్‌గిల్ వెళ్ళిపోతానని కూర్చున్నాడు. వాడు అడిగింది ఒక ఇల్లు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలతో అత్తగారి ముందు గదిలో కాపురం. ఇల్లు ఇవ్వలేం అంటాడు మా ఛైర్మన్ లంబ్. ఇలాంటి చోటికి పిల్లాణ్ణి పంపకు.

నీ తమ్ముడు
హవెల్

పాంట్‌గార్న్
24 సెప్టెంబరు 1949

హవెల్,

నీ మందు చేరింది. మీ బావ ఒక చెంచా తాగి "నన్ను చంపడానికి మీ తమ్ముడికి ఇంత తొందరేమిటి" అన్నాడు.

నీ మనసులో ఏముందో నాకు తెలిసిపోయింది. ఆ ఏడుగురూ ముగ్గురూ లెక్క నాకు చెప్పకు. నాన్న పోయినప్పటి సంగతి నువ్వు మరిచిపోలేదు. అంత్యక్రియలయ్యాక క్లబ్బు గదిలో టీ ఇచ్చారు. నిన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. కన్న కొడుకువి, నల్ల కోటులో, వానలో గోడ మీద కూర్చున్నావు. నేను లోపల టీ పోస్తూ కిటికీలోంచి చూశాను. బయటికి రాలేదు. ఊళ్ళో వాళ్ళంతా చూస్తున్నారని భయపడ్డాను. అది తప్పే. పదకొండేళ్ళుగా తప్పే. దానికి నన్ను ఎన్నైనా తిట్టు. కానీ నా మీది కోపం పిల్లాడి మీద తీర్చుకోకు.

రాత్రి మీ బావ ఊపిరి తీస్తుంటే పక్క గదిలోంచి ఎమ్రిస్ వింటున్నాడు. వాడు నిద్రపోవడం లేదని నాకు గోడలోంచి తెలుస్తూనే ఉంది. ఇంతకంటే ఏం రాయను.

ఒల్వెన్

థార్న్‌రాయిడ్
2 అక్టోబరు 1949

అక్కా,

ఆ గోడ సంగతి నువ్వు ఇంతకాలం మోస్తున్నావని నాకు నిజంగా తెలియదు. నువ్వు బయటికి రాలేదని నేను ఏనాడూ అనుకోలేదు. టీ పోసేవాళ్ళు టీ పోయాలి. నా కోపం అంతా ఆ వాన మీదే.

నేను ఇంకా వద్దంటే నువ్వు నమ్మవని అర్థమైంది. అందుకే లంబ్‌తో మాట్లాడాను. "పంపించు, మూడు ఆటలు చూద్దాం, బాగుంటే సంతకం, నా మిల్లులో పని" అన్నాడు. ఎప్పుడూ లేనిది వెంటనే ఒప్పుకున్నాడు. నేనే ఆశ్చర్యపోయాను.

ఇప్పుడు జాగ్రత్తగా విను. పరీక్షకి వచ్చేవాళ్ళ పేరు మేం అచ్చు వేయం. ఆటగాళ్ళ పట్టీలో పేరుండాల్సిన చోట 'ఇంకొకరు' అని వేస్తాం. ఇంటికి తిరిగి వెళ్ళాల్సి వస్తే వెలి పడకుండా అది మా ఆనవాయితీ. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దు. బ్రిస్టల్‌లో బావ చెల్లెలి ఇంటికి వెళ్ళాడను. ఊరి జట్టు చొక్కా, బ్యాగు, ఏదీ వాడి వెంట రాకూడదు. పన్నెండో తారీకు రైలుకి పంపు.

హవెల్

పాంట్‌గార్న్
11 అక్టోబరు 1949

నా బంగారు తమ్ముడూ,

ఎమ్రిస్ రేపు బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం వాడికంటే ముందు నీకు చేరుతుందో లేదో గానీ ఒక మాట చెప్పాలి. నేను నిన్ను బతిమాలానని వాడికి తెలియదు. "మామయ్యే రాశాడురా, నీ ఆట గురించి ఎవరో చెప్పారట, పంపమని పట్టుబడుతున్నాడు" అన్నాను. అమ్మ అడుక్కుంటే వెళ్ళే రకం కాదు వాడు. మీ బావకీ అదే చెప్పాను. నువ్వు కూడా ఆ మాట మీదే ఉండు.

బ్యాగు నేనే సర్దాను. నువ్వు చెప్పినట్టే చొక్కా పెట్టలేదు. రొట్టె, కిస్‌మిస్ కేకులు ఎనిమిది, చలికి మందపాటి మేజోళ్ళు రెండు జతలు. కేకుల్లో నాలుగు నీవి. అడిగి తీసుకో, లేకపోతే వాడే తినేస్తాడు.

ఒల్వెన్

థార్న్‌రాయిడ్
23 అక్టోబరు 1949

అక్కా,

కేకులు ఒక్కటి కూడా మిగల్లేదు. షెఫీల్డ్ దాటేలోపే అయిపోయాయట.

నీ కొడుకు ఆట గురించి ఏం రాయమంటావు? మొదటి శనివారం కొంచెం తడబడ్డాడు. ఇద్దరు తక్కువ ఉన్న ఆట కదా, మైదానం పెద్దదైనట్టు ఉంటుంది. నిన్న మాత్రం అక్కా, నిన్న మాత్రం నాకు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. వాన, మోకాలి దాకా బురద, ఎదురుగా గుర్రాల్లాంటి మనుషులు. వీడు బంతి పట్టి కుడికి వెళ్ళబోయినట్టు నటించి ఎడమకి జారిపోయాడు. రెండుసార్లు బంతిని ఎదుటివాళ్ళ గీత దాటించి పాయింట్లు తెచ్చాడు. జనం పట్టీ చూసుకుని "ఇంకొకరూ! ఇంకొకరూ!" అని అరుస్తున్నారు. నా పక్కనున్న ఒకాయన "ఈ ఇంకొకడెవడో గానీ పికర్స్‌గిల్‌ని పొమ్మనండి" అన్నాడు. పికర్స్‌గిల్ కూడా మెట్ల మీద చివర నిలబడి చూస్తున్నాడు. కోటు కాలరు పైకెత్తుకుని, ఆట అయ్యేదాకా ఉన్నాడు.

వచ్చే శనివారం మూడో ఆట, ఆ తర్వాత సంతకం. మిసెస్ సగ్‌డెన్ మేడ మీద గది కూడా చూసిపెట్టింది. ఎమ్రిస్ రాత్రి అన్నం దగ్గర అడిగాడు, "మామయ్యా, నన్ను పిలవాలని నీకెప్పుడు అనిపించింది?" అని. వేసవిలోనే అనుకున్నానురా అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. అబద్ధం ఇంత తియ్యగా ఉంటుందని తెలియదు.

హవెల్

థార్న్‌రాయిడ్
30 అక్టోబరు 1949

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక పొద్దుటి నుంచి మూడు కాగితాలు చింపాను.

గురువారం పికర్స్‌గిల్ ఆఫీసుకి వచ్చి సంతకం పెట్టేశాడు. ఇంకా మూడేళ్ళు. ఇల్లు అడగలేదు. ఏమీ అడగలేదు. శుక్రవారం లంబ్ నన్ను పిలిచి "మీవాడు చాలా బాగా ఆడాడు, టికెట్టు కొనిచ్చి పంపించెయ్" అన్నాడు. మూడో ఆట ఏది అన్నాను. "ఆరో నంబరుకి మనిషున్నాడుగా" అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో. వాళ్ళకి ఎమ్రిస్ ఏ రోజూ అక్కర్లేదు. వాణ్ణి చూపించి పికర్స్‌గిల్‌ని భయపెట్టడానికి కావాలి. ఆ మాటే మొహం మీద అడిగాను. లంబ్‌కి కోపం కూడా రాలేదు. "కొత్తవాళ్ళని తేవడం ఒక్కటే కాదు హవెల్ నీ పని, ఉన్నవాళ్ళని నిలబెట్టడం కూడా. నువ్వు రెండూ చేశావు" అని చెయ్యి కలిపాడు. నేను కూడా కలిపాను, అక్కా. ఎందుకు కలిపానో నాకు తెలియదు. మోకాళ్ళు పోయిన నలభై మూడేళ్ళవాణ్ణి, ఇంకెక్కడికి పోతాను?

ఎమ్రిస్ తన బ్యాగు తనే సర్దుకున్నాడు. స్టేషన్‌లో "నువ్వు పిలిచావు కదా మామయ్యా" అని ఒక్కసారి అన్నాడు. నీకిచ్చిన మాట కోసం నోరు మూసుకున్నాను. వాడి పేరెక్కడా పడలేదు. ఊళ్ళో ఆటకి ఏ ఢోకా లేదు, అంతవరకు ధైర్యంగా ఉండు.

హవెల్

పాంట్‌గార్న్
10 నవంబరు 1949

హవెల్,

ధైర్యంగా ఉండమన్నావు. విను.

ఇన్సూరెన్సు కట్టించుకునే ఒకాయన అటువైపు ఊళ్ళు తిరిగి వచ్చాడు. ఆయన సంచిలో మీ యార్క్‌షైర్ పేపరు. అందులో ఫోటో. 'ఇంకొకరు గీత దాటిన క్షణం' అని కింద రాశారు. మొహం నిండా బురద, కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. కానీ కాళ్ళు స్పష్టంగా పడ్డాయి. మోకాలి కింద రెండు తెల్ల పట్టీలున్న మేజోళ్ళు.

అవి మన ఊరి జట్టువి. పదిహేను జతలూ అల్లేది నేనే కదా. చొక్కా వద్దన్నావు, చొక్కా తీసేశాను. మేజోళ్ళు నా కంటికి చలికి వేసుకునేవి, అంతే. పన్నెండేళ్ళుగా ప్రతి సోమవారం ఉతికి ఆరేస్తున్నాను, అవి జట్టు బట్టలన్న ఆలోచనే రాలేదు. నా చేతులతో సర్దాను, హవెల్.

కమిటీవాళ్ళు వాణ్ణి ఈ శనివారం ఆడించడం లేదు. 'విచారణ' అట. బీరు గదిలోకి వెళితే మాటలు ఆపేశారట. వాడు ఇంట్లో నాతో మాట్లాడడు, వాళ్ళ నాన్నతో మాట్లాడడు. నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోతున్నాడు. ఇంకో క్లబ్బు ఏదైనా చూడు. మీ దగ్గర ఊరికో క్లబ్బుంటుందంటారుగా?

ఒల్వెన్

థార్న్‌రాయిడ్
20 నవంబరు 1949

అక్కా,

మూడు క్లబ్బులకి వెళ్ళొచ్చాను. ఒకచోట రేపు రమ్మని, ఆ రేపు గుమ్మంలోనే మాట్లాడి పంపారు. మూడుచోట్లా ఒకటే మాట: "అంత మంచివాడైతే లంబ్ ఎందుకు వదులుకున్నాడు?" జరిగింది చెప్పాను. నవ్వారు. వాళ్ళ దగ్గర కూడా అలాంటివి జరుగుతాయని ఆ నవ్వులోనే తెలిసింది.

మేజోళ్ళ గురించి నిన్ను నువ్వు తిట్టుకోకు. మైదానంలోకి దిగినప్పుడు వాడి కాళ్ళు నేనూ చూశాను. అవే మేజోళ్ళు చిన్నప్పుడు నేనూ వేసుకున్నాను, అందుకే కంటికి కొత్తగా అనిపించలేదేమో. ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తున్నవాణ్ణి, చూడాల్సింది నేను.

హవెల్

పాంట్‌గార్న్
27 నవంబరు 1949

తమ్ముడూ,

క్లబ్బు కార్యదర్శి ప్రోసర్ మాస్టారు ఇంటికి వచ్చాడు. నీకు లెక్కలు చెప్పినాయనే. పాపం, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఎమ్రిస్ లేకుండా మూడు ఆటలు వరసగా ఓడిపోయారు, ఆయనకీ దిగులుగానే ఉంది.

"ఒక కాగితం రాసివ్వండి ఒల్వెన్ గారూ. పిల్లాడికి లోకం తెలియదు, మేనమామ ఆశపెట్టి, మాయమాటలు చెప్పి తీసుకుపోయి ఆడించాడు, ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నాడు అని. వాడు సంతకం పెడతాడు, సాక్షిగా మీరు పెడతారు. పై కమిటీకి నేను స్వయంగా పట్టుకెళ్తాను. చిన్నవాడని క్షమిస్తారు" అన్నాడు.

జనవరికి వాడు గనిలోకి దిగడం ఎలాగూ తప్పేలా లేదు. శనివారం ఆటైనా మిగిలితే మనిషి మిగులుతాడు. అది కూడా పోతే వాడేమైపోతాడో అని భయంగా ఉంది. ఎమ్రిస్ సంతకానికి సిద్ధంగా ఉన్నాడు. వాడికి అందులో అబద్ధమేమీ కనిపించదు కదా, నేను చెప్పినదే అందులో ఉంది. కలం పట్టుకుని ఆగిపోయింది నేను. ఆ కాగితం పైకి వెళితే ఈ లోయలో ఏ ఇంటి తలుపూ నీకు తెరుచుకోదు.

ఏం చెయ్యమంటావు?

ఒల్వెన్

థార్న్‌రాయిడ్
30 నవంబరు 1949

అక్కా,

సంతకం పెట్టు. ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకు.

ఆ తలుపులు నాకు ఎప్పుడో మూశారు. మూసిన తలుపుకి ఇంకో తాళం వేస్తే నాకేమిటి? నింద నా మీద పడితే పిల్లాడు బయటపడతాడు. వాడికి నేను చెయ్యగలిగింది ఇదొక్కటే మిగిలింది, దాన్ని నా దగ్గర్నుంచి లాక్కోకు. మాయమాటలు అని సరిపెట్టకుండా ఇంకా గట్టిగా ఏమైనా రాయమను.

హవెల్

పాంట్‌గార్న్
21 డిసెంబరు 1949

హవెల్,

పై కమిటీ నుంచి జవాబు వచ్చింది. ప్రోసర్ మాస్టారు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని చదివాడు.

వాళ్ళ దగ్గర ఇంతవరకు ఏమీ లేదట. ఒక ఫోటో, బురద మొహం, రెండు మేజోళ్ళు. అలాంటి మేజోళ్ళు ఎవరైనా వేసుకోవచ్చు, దాని మీద ఎవరినీ వెలివేయలేమని ఫైలు మూసేయబోతున్నారట. అప్పుడు మా కాగితం అందింది. ఆడాను అని ఎమ్రిస్ రాశాడు, నిజమే అని కన్నతల్లి సంతకం పెట్టింది. 'నిజాయితీగా ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు' అని రాసి, ఆ కిందే జన్మంతా వెలి.

మాస్టారు ఏడ్చాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

మీ బావ ఆ కాగితం నకలు చదివాడు. ప్రతి అక్షరం నమ్మాడు. నమ్మడా మరి? మొదటి నుంచి నేను చెప్పిందే అది. "వాడి పేరు ఈ ఇంట్లో వినిపించకూడదు" అన్నాడు. అంత పెద్ద మాట ఒక్క ఊపిరిలో అనడం ఈ మధ్య నేను చూడలేదు. నిజం నేనే చెప్పాలి. ఆ ఊపిరి చూస్తుంటే నోరు రావడం లేదు.

ఇంటికి రాయకు. రాయాలనిపిస్తే కొట్టు నడిపే మిసెస్ బేనన్ పేరుకి రాయి, ఆవిడ నాకిస్తుంది.

ఒల్వెన్

థార్న్‌రాయిడ్
15 జనవరి 1950
(మిసెస్ బేనన్ ద్వారా)

అక్కా,

సంతకం పెట్టమన్నది నేను. ఆ రూలు నీకు రాసి పంపింది కూడా నేనే. రుజువైతే చాలు అని నా చేత్తోనే రాశాను. మూడు నెలలు తిరక్కుండా రుజువు చేతికి ఇవ్వమని నీకు చెప్పాను. నింద నా మీదికి లాక్కోవాలన్న ఆత్రంలో కళ్ళు మూసుకుపోయాయి.

కిందటి వారం లంబ్ నన్ను మీ పక్క లోయకే పంపాడు. మైదానం అంచున పరిగెత్తే మా ఆటగాడొకడు కొత్త ఒప్పందానికి బెట్టు చేస్తున్నాడు. అక్కడొక వేగంగా పరిగెత్తే కుర్రాడున్నాడట, చూసి రమ్మన్నాడు. వెళ్ళాను. వాళ్ళమ్మ టీ ఇచ్చింది, కేకు పెట్టింది. "మా వాడికి మంచి రోజులొచ్చినట్టేనా బాబూ?" అని అడిగింది. నిజం చెబుదామనే వెళ్ళాను, అక్కా. రెండు కప్పులు తాగాను. ఆవిడ అంత సంతోషంగా ఉంటే వద్దని చెప్పలేకపోయాను, రమ్మనీ చెప్పలేకపోయాను. తిరిగొచ్చి, కుర్రాడు నెమ్మది, పనికిరాడు అని లంబ్‌కి చెప్పాను. నమ్మలేదు. ఈసారి ఇంకొకణ్ణి పంపుతాడట.

హవెల్

పాంట్‌గార్న్
29 జనవరి 1950

తమ్ముడూ,

ఎమ్రిస్ ఈ నెల తొమ్మిది నుంచి కిందికి దిగుతున్నాడు. శనివారం పూట మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మైదానంలో అరుపులు మా ఇంటి దాకా వినిపిస్తాయి. కిటికీ మూస్తే మీ బావకి ఊపిరాడదు, తెరిస్తే ఆ అరుపులు.

ఈ రోజు ప్రార్థన నుంచి వస్తూ మిసెస్ బేనన్ దగ్గర నీ ఉత్తరం తెచ్చుకున్నాను. వంటింట్లో రెండోసారి చదువుతుంటే వాడు వచ్చి నిలబడ్డాడు. "ఇంకా ఆయనకి రాస్తున్నావా?" అన్నాడు. ఇక నా వల్ల కాలేదు. నీ ఉత్తరాల కట్ట తీసి వాడి చేతిలో పెట్టాను. వద్దన్న ఉత్తరం, మూడు క్లబ్బుల ఉత్తరం, సంతకం పెట్టమన్న ఉత్తరం, అన్నీ. పిలిచింది మామయ్య కాదురా, నేనే బతిమాలాను అన్నాను.

ఒక్కొక్కటి నెమ్మదిగా చదివాడు. నేను బంగాళదుంపలు చెక్కుతూ కూర్చున్నాను, ఎన్ని చెక్కానో తెలియదు, ముగ్గురికి అక్కర్లేనన్ని. తిడతాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. తిట్టలేదు. కాగితాలు మళ్ళీ వరసగా పేర్చి, చిన్నప్పుడు అడిగినట్టే మెల్లగా అడిగాడు.

"అది అబద్ధమని నీకు తెలుసు కదమ్మా. మరి కింద నువ్వెందుకు సంతకం పెట్టావు?"

నీ కోసమేరా అని నోటి దాకా వచ్చింది. వాడి చేతులు చూశాను, గోళ్ళలో బొగ్గు. ఆ మాట అనలేకపోయాను. వాడు ఇప్పుడు కూడా నా ఎదురుగానే కూర్చున్నాడు హవెల్, నేను రాస్తుంటే చూస్తున్నాడు.

మీ అక్క
ఒల్వెన్